నాలుగింటికీ సమానంగా టైం పంచాలని చూడకండి

మీ ప్రశ్న నిదానంగా చదివాను. ఇంట్లో ఆరేళ్ల పాప, ఇంటి ముందు కాస్త నేల, దాని చుట్టూ ఓ ముప్ఫై కుండీలు, సగంలో ఆగిపోయిన నవల, వారంలో రెండు సాయంత్రాలు పిల్లలకు చదవడం నేర్పే స్వచ్ఛంద సేవ, ఆ పైన ఆ సంస్థ వాళ్లే అప్పజెప్పిన కమిటీ పని. రాత్రి పాపకి కథ చదువుతూ చదువుతూ మీకే నిద్ర ముంచుకొస్తోంది, మొక్కలు వాడిపోతున్నాయి, నవల ముట్టుకుని నెలలైంది, దేనికీ న్యాయం చెయ్యట్లేదన్న టెన్షన్ మాత్రం రోజంతా వెంట ఉంటోంది. ఈ నాలుగింట్లో ఏది మానేస్తే మిగతావి నిలబడతాయి అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. నాలుగింట్లో ఏదీ పూర్తిగా మానక్కర్లేదు. కుండీలు సగానికి తగ్గించండి, కమిటీ వదిలెయ్యండి, రోజూ రాయాలన్న నియమం తీసెయ్యండి, పాపతో చదివే టైం పొద్దు ఉండగానే వచ్చేలా జరపండి. ఎందుకలా అంటున్నానో కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా టైంటేబుల్ ఒక్కటే మారిస్తే అది కొన్నాళ్లకే చెదిరిపోతుంది. నేను ఇద్దరు పిల్లల్ని పెంచుతూ ఈ నాలుగు పనులూ చాలా ఏళ్లుగా చేస్తూ వస్తున్నాను, మీలాగే సతమతమయ్యే తల్లిదండ్రులతో తరచూ మాట్లాడుతుంటాను కూడా, కాబట్టి కింద రాసేదంతా ఇంట్లో చేసి చూసిన విషయమే.

మీ ప్రశ్నలో నాకు ముందుగా కనిపించింది ఏంటంటే, మీరు నాలుగు పనులకీ సమానంగా గంటలు పంచాలని చూస్తున్నారు. రోజుకి అరగంట తోట, అరగంట రాత, అరగంట చదువు, మిగిలింది సేవ. కాగితం మీద ఎంతో న్యాయంగా కనిపిస్తుంది, ఆచరణలో నిలవదు. ఈ పనులు ఒక్కొక్కటీ టైంని ఒక్కో రకంగా అడుగుతాయి. మొక్కలకి రోజూ కొంచెం కావాలి, ఈరోజు మానేసి రేపు రెట్టింపు ఇస్తానంటే వాటికి కుదరదు. రాతకి రోజూ అక్కర్లేదు, కానీ కూర్చున్నప్పుడు మధ్యలో తెగని గంట కావాలి. సేవలో అవతల ఎవరో మీకోసం ఎదురుచూస్తూ ఉంటారు, అక్కడ ఎన్ని గంటలిచ్చారన్నది ఎవరూ లెక్కపెట్టరు, వస్తానన్న రోజున వచ్చారా లేదా అనే చూస్తారు. పాపతో చదవడానికి పావుగంట చాలు, ఆ పావుగంటలో మాత్రం మీ ఒంట్లో ఓపిక ఉండాలి, మనసు అక్కడే ఉండాలి. ఈ తేడా తెలిశాక ఏది ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలుతుంది.

పాపతో చదవడం దగ్గర మొదలుపెడతాను, నాలుగింట్లో వయసు దాటిపోయేది ఇదొక్కటే కాబట్టి. నవల రెండేళ్ల తర్వాతైనా పూర్తవుతుంది, మీ పాప మాత్రం అప్పటికి ఎనిమిదేళ్లది అయిపోతుంది, ఇప్పుడు మీ ఒళ్లో కూర్చుని వినే కథలు అప్పుడు వినదు. చాలామంది దీన్ని పడుకునే ముందు పెట్టుకుంటారు, అలవాటుగా అది మంచిదే, కానీ మీ రోజులో ఆ టైంకి మీలో ఏమీ మిగలడం లేదు. పొద్దున్న లేవగానే మంచం మీద ఉండగానే చదవండి, లేదా పాప బడి నుంచి వచ్చి ఏదో ఒకటి తిని కాస్త కుదురుకోగానే. కొత్త పుస్తకం, పెద్ద పుస్తకం, మాట్లాడుకోవాల్సిన పుస్తకం ఆ టైంలో. రాత్రికి పాపకి కంఠతా వచ్చిన పాత పుస్తకం రెండు పేజీలు చదివితే చాలు, అది నిద్రపుచ్చడానికే, అందులో మీరు కునికిపాట్లు పడినా పోయేదేం లేదు.

పాత పుస్తకమే మళ్లీ మళ్లీ అడుగుతోంది, విసుగొస్తోంది అని కూడా రాశారు. అడిగినన్నిసార్లు చదవండి. 2011లో జెస్సికా హోర్స్ట్, ఆమెతో పనిచేసినవాళ్లు మూడేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, వేరువేరు కథల్లో కొత్త మాటలు విన్న పిల్లలకన్నా ఒకే కథలో అవే మాటలు మళ్లీ మళ్లీ విన్న పిల్లలకి ఆ మాటలు బాగా గుర్తున్నాయి. మొదటిసారి విన్నప్పుడు పిల్లల ధ్యాసంతా తర్వాత ఏం జరుగుతుందా అన్నదాని మీదే ఉంటుంది. కథ తెలిసిపోయాక మాటల మీదికి, బొమ్మలో మూలన ఉన్న పిల్లి మీదికి, ఆ ముసలాయన ఎందుకు ఏడ్చాడన్నదాని మీదికి వెళ్తుంది. మీకు పాత పుస్తకమే అయినా పాపకి ప్రతిసారీ అందులో కొత్తది దొరుకుతోంది.

చదివే తీరు గురించి ఒక మాట. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం మూడేళ్లు నిండని పిల్లల తల్లిదండ్రులతో ఒక ప్రయోగం చేసింది. కొందరిని వాళ్ల అలవాటు ప్రకారం చదవమన్నారు, మిగతావాళ్లకి మాత్రం చదువుతూ మధ్యలో జవాబు విప్పి చెప్పాల్సిన ప్రశ్నలు అడగడం, పిల్లలు అన్నదానికి ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి చెప్పడం నేర్పారు. నెల రోజులకే రెండో గుంపు పిల్లలు తమ మాటల్లో చెప్పగలగడంలో ముందున్నారు. ఆరేళ్ల పాపతో దీన్ని కాస్త మార్చుకోవాలి. "ఇదేం జంతువు" అని అడిగితే తనకి అవమానంగా ఉంటుంది. "నువ్వైతే ఆ తలుపు తీసేదానివా?" అని అడగండి. పాప "తియ్యను, లోపల చీకటి" అంటే "చీకటి కాబట్టి తియ్యవు, మరి లోపలి నుంచి ఎవరో పిలిస్తే?" అని అందుకోండి. మొత్తం మీద రెండు మూడు ప్రశ్నలు చాలు, ప్రతి పేజీకీ ఆపి అడిగితే కథ చచ్చిపోతుంది, పరీక్ష అనిపించిన రోజున పాప పుస్తకం తేవడం మానేస్తుంది. ఎదురు ప్రశ్నలు వేస్తే మాత్రం కథ ఆపి మరీ జవాబు చెప్పండి, పుస్తకం పూర్తి కాకపోయినా పర్లేదు.

కుదురుగా కూర్చోదు అన్న బెంగ వదిలెయ్యండి. బొమ్మ గీసుకుంటూ, బ్లాకులు పేర్చుకుంటూ కూడా పిల్లలు వింటారు. మధ్యలో ఒక వాక్యం కావాలని తప్పు చదివి చూడండి, తల ఎత్తకుండానే సరిదిద్దుతుంది. ఇంకో సంగతి, పాపకి సొంతంగా చదవడం వచ్చేసింది కాబట్టి మీరు చదివి వినిపించడం ఆపొచ్చా అని కొందరు అడుగుతుంటారు. ఆపకండి. ఈ వయసులో కళ్లతో చదివి అర్థం చేసుకునేదానికన్నా చెవులతో విని అర్థం చేసుకునేది చాలా ఎక్కువ, ఆ తేడా ఇంకా కొన్నేళ్లు ఉంటుంది. తను చదువుకునేది చిన్న పుస్తకం, మీరు వినిపించేది దానికన్నా పెద్ద కథ, రెండూ పక్కపక్కన నడవాలి.

ఇక తోట. ముప్ఫై కుండీలంటే, ఒక్కో దానికి అర నిమిషం చొప్పున నీళ్లు పోసినా పావుగంట, అదీ ఆకు తిప్పి చూడకుండా, ఎండుటాకు తుంచకుండా. నిజంగా చూసుకుంటే ముప్పావుగంట, అది రోజూ. మీ రోజులో అంత లేదు, అందుకే మొక్కలు వాడుతున్నాయి, వాడిన మొక్కని చూసినప్పుడల్లా మీకు బాధ. కుండీలు పదిహేనుకి తగ్గించండి, ఆ పదిహేనులో కూడా చిన్నవాటిని తీసేసి మొక్కల్ని పెద్ద కుండీల్లోకి కలిపి నాటండి. చిన్న కుండీలో మట్టి తక్కువ కాబట్టి ఎండాకాలంలో రోజుకి రెండుసార్లు తడపాల్సొస్తుంది, పెద్దదానిలో తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. మట్టి కుండీల గోడల్లోంచి కూడా నీరు ఆవిరైపోతుంది, అవి ప్లాస్టిక్ కుండీలకన్నా తొందరగా ఎండుతాయి. రోజూ చూడలేనివాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి. మట్టి పైన ఎండుటాకులో, గడ్డో ఓ ఐదు సెంటీమీటర్ల మందాన పరిస్తే తడి ఇంకా నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కాండానికి మాత్రం తగలకుండా కొంచెం ఖాళీ వదలండి.

మీ మొక్కలు వాడుతున్నాయన్నారు కదా, నీళ్లు చాలకేనని ఖాయంగా అనుకోకండి. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దించి చూడండి. పొడిగా తగిలితే నీళ్లు కావాలి. తడిగా ఉండి కూడా ఆకు వేలాడుతోందంటే నీళ్లు ఎక్కువయ్యాయి, వేళ్లకి గాలి అందక కుళ్లుతున్నాయి, అప్పుడు ఇంకా పోస్తే మొక్క పోతుంది. పనుల ఒత్తిడిలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఇదే ఎక్కువ చూస్తాను, నాలుగు రోజులు మర్చిపోయి ఐదో రోజు బాధతో బకెట్లు కుమ్మరించడం. కుండీ అడుగున కన్నం పూడిపోయిందేమో కూడా చూడండి. నీళ్లు పొద్దున్నే పొయ్యండి, ఎండ ముదరక ముందే మట్టి తాగుతుంది, ఆకుల మీద పడిన తడి పగలు ఆరిపోతుంది కాబట్టి బూజు తెగుళ్లు తగ్గుతాయి. కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లు కనీసం వారానికోసారి పారబోసి, లోపల రుద్ది కడగండి, దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వెచ్చని రోజుల్లో వారం పది రోజులు చాలు.

ఎండ విషయం కూడా చూసుకుని మొక్కలు ఎంచుకుంటే పని తగ్గుతుంది. కాయ కాసేవాటికి రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. ఆకుకూరలు అంతకన్నా తక్కువలోనూ వస్తాయి. నీడలో టమాటా పెట్టి దానితో కుస్తీ పట్టేకంటే అక్కడ ఆకుకూర వేసి నిశ్చింతగా ఉండడం మేలు.

ఈ పని పాపతో కలిపి చెయ్యండి, నాలుగింట్లో బాగా కలిసే జత ఇదే. కాకపోతే సాయం చెయ్యమనకండి, ఒక కుండీ పూర్తిగా తనకే ఇచ్చెయ్యండి. చిన్న చేతులకి పెద్ద గింజలు సులువు, బీన్స్, పొద్దుతిరుగుడు, గుమ్మడి లాంటివి. వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తాయి, పిల్లల ఓపికకి ఆ మాత్రం తొందర అవసరం. పీకి తినడం తనకి ఇష్టమైతే చిన్న ముల్లంగి వెయ్యండి, తొందరగా వచ్చే రకాలు మూడు నాలుగు వారాల్లో తయారవుతాయి. గింజ ఎంత లావుందో దానికి రెండు మూడింతల లోతు చాలు, పిల్లలు చెయ్యి దిగినంత లోతుకి తోస్తారు, ఆ ఒక్కటి దగ్గరుండి చూపించండి. మిగతాది వదిలెయ్యండి. వరస వంకరగా ఉంటే ఉండనివ్వండి, ఒకే గుంతలో ఐదు గింజలు వేసినా వెయ్యనివ్వండి, మొలిచాక బలమైనది ఉంచి మిగతావి తియ్యడం అప్పుడు నేర్పొచ్చు. పాప నీళ్లు మర్చిపోయిందని రాత్రిపూట మీరు చాటుగా పోసి బతికించకండి అని నేను గట్టిగా చెప్తాను. మొక్క ఎందుకు పోయిందో కలిసి చూసి, దాచిన గింజల్లోంచి మళ్లీ వెయ్యనివ్వండి. తన మొక్క గురించి తను తెలుసుకున్నది పుస్తకంలో చదివినదానికన్నా గట్టిగా నిలుస్తుంది.

జాగ్రత్తలు మాత్రం వదలొద్దు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఈ మూడూ పాప చేతికి అందే చోట ఉంచకండి, గన్నేరు మొక్కలో అన్ని భాగాలూ విషమే, ఆముదం గింజ నమిలితే ప్రాణానికే ప్రమాదం. కొన్న విత్తనాలకి గులాబీ, నీలం రంగు పూత ఉంటే అది మందు పట్టించిన గుర్తు, వాటిని పిల్లలకి ఇవ్వకండి. మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిములుంటాయి, పాప టీకాలన్నీ వేయించారో లేదో కార్డు చూసుకోండి, మీది కూడా. పని అవగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పురుగుమందు ఏదైనా ఉంటే తాళం వేసిన చోటే ఉండాలి, కూల్‌డ్రింక్ సీసాలోకి ఎప్పుడూ పొయ్యకండి.

రాత దగ్గరికి వద్దాం. రోజూ రాస్తేనే రచయిత అన్న మాట మీ మీద పెద్ద బరువైంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ నియమం మనిషిని కుంగదీస్తుంది తప్ప పేజీ పెంచదు, నా ఉద్దేశంలో. కథ కల్పించడానికి ముందు దానిలోకి దిగాలి, అందులో ఎవరు ఏ గదిలో ఉన్నారు, ఎవరికి ఎవరి మీద కోపం, క్రితం వాక్యం ఏ స్వరంలో ఆగింది, ఇదంతా గుర్తు తెచ్చుకోవడానికే పదిహేను ఇరవై నిమిషాలు పోతాయి. అరగంట ముక్కలు నాలుగు ఇస్తే అందులో సగం దిగడానికే ఖర్చవుతుంది. పైగా సోఫీ లెరాయ్ 2009లో రాసిన పరిశోధనలో చూపించింది ఇదే, ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని అంత బాగా సాగదు. కమిటీ వాళ్ల మెసేజ్‌కి జవాబిచ్చి వెంటనే నవల తెరిస్తే మీకు జరుగుతున్నది అదే.

కాబట్టి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి గంటన్నర. ఆ టైంలో పాప బాధ్యత ఇంట్లో ఇంకొకరిది, అది ముందే మాట్లాడుకుని క్యాలెండర్‌లో రాసేసుకోవాలి, "కుదిరితే చూసుకో" అంటే ఎప్పుడూ కుదరదు. ఒంటరిగా పెంచుతున్నవాళ్లు అదే వయసు పిల్లలున్న ఇంకొకరితో వంతులు వేసుకోవచ్చు, ఒక వారం పిల్లలిద్దరూ మీ ఇంట్లో, ఒక వారం వాళ్ల ఇంట్లో. ఫోన్ వేరే గదిలో పెట్టండి. గంటన్నరకి ఐదు వందల మాటలు రాయగలిగినా వారానికి వెయ్యి, ఏడాది తిరిగేసరికి యాభై వేలు, చాలా నవలలకి అది సరిపోయే నిడివి. మీరు రోజూ రాయాలనుకుంటూ నెలల తరబడి రాయకుండా ఉన్నదానితో పోల్చి చూడండి.

మిగతా రోజుల్లో చిన్న చిన్న ఖాళీలు దొరుకుతాయి కదా, వాటిలో కొత్తగా రాయకండి, రాసినదాన్ని దిద్దండి. ఒక పేజీ ప్రింట్ తీసి మడిచి దగ్గర పెట్టుకుంటే బడి గేటు దగ్గర పది నిమిషాల్లో మూడు వాక్యాలు సరిచెయ్యొచ్చు. పాత్రల పేర్లు, ఊళ్ల పేర్లు, తేదీలు సరిచూసుకోవడం, సంభాషణ పైకి చదివి వినడం కూడా ముక్కల్లో అయ్యే పనులే. కల్పన మాత్రం ముక్కల్లో సాగదు.

నెలల తర్వాత తిరిగి మొదలుపెడుతున్నారు కాబట్టి మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రాకండి. అలా చేస్తే మొదటి మూడు అధ్యాయాలే దిద్దుతూ ఉండిపోతారు, చాలామంది అక్కడే చిక్కుకుంటారు. చివరి అధ్యాయం ఒక్కటే చదవండి. తర్వాత ఖాళీ కాగితం మీద, ఇప్పటిదాకా కథలో ఏం జరిగిందో గుర్తున్నంత మటుకు ఒక పేజీలో రాయండి. గుర్తులేనిది బహుశా కథకి అంత అవసరం లేనిదే. అక్కడి నుంచి ముందుకే వెళ్లండి. ప్రతిసారీ లేచే ముందు తర్వాత రాయబోయేది ఏంటో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి, సన్నివేశం పూర్తిగా ముగించి లేవకుండా కొంచెం మిగిల్చి లేస్తే ఇంకా మంచిది. మూడు నాలుగు రోజుల తర్వాత కూర్చున్నప్పుడు దిగే టైం సగానికి సగం తగ్గుతుంది.

పాపని పక్కన పెట్టుకుని రాయొచ్చా అని అడిగారు. మీ నవల రాయలేరు, ప్రయత్నించకండి, అలా చేస్తే పాపకి మీరు ఉన్నట్టూ కాదు, రాత సాగినట్టూ కాదు, చివరికి పాప మీద విసుక్కుంటారు. పాప కథ మాత్రం రాయొచ్చు. తను చెప్తుంటే మీరు రాయండి, ఒక్క మాట కూడా మార్చకుండా, వ్యాకరణం దిద్దకుండా. తర్వాత అది తనకే చదివి వినిపించండి. తన నోటి మాట కాగితం మీదికెక్కి మళ్లీ మాటగా వినిపించడం చూసిన పిల్లలకి చదవడం అంటే ఏంటో లోపలి నుంచి అర్థమవుతుంది, సేవలో మీరు చదువు చెప్పే పిల్లలతో కూడా ఇది చేసి చూడండి, అక్షరాలంటే భయపడే పిల్లలు సైతం తాము చెప్పిన కథని ఇష్టంగా చదువుతారు.

అన్నీ తప్పే వారాలు వస్తాయి. పాపకి జ్వరం, ఇంట్లో చుట్టాలు, ఆఫీసులో పని. అప్పుడు ప్రతి పనికీ అతి చిన్న రూపం ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి. తోటకి నీళ్లు మాత్రమే. పాపకి రెండు పేజీలు. రాత అసలు వద్దు, బాధపడకుండా వదిలెయ్యాలి. సేవకి వెళ్లాలి, లేకపోతే వీలైనంత ముందుగా చెప్పాలి. ఒకరోజు తప్పితే అలవాటు మొత్తం పోయిందని మాత్రం అనుకోవద్దు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం చేసి 2010లో అచ్చైన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వేశారు. మధ్యలో ఒకసారి తప్పడం వల్ల పెద్ద తేడా రాలేదని కూడా తేలింది. అందులో పాల్గొన్నవాళ్లు చేసింది ఒకటే, కొత్త పనిని రోజూ ఎలాగూ జరిగే ఇంకో పని తర్వాత పెట్టుకోవడం. మీరూ అలాగే కట్టండి, పళ్లు తోముకోగానే మొక్కలకి నీళ్లు, పాప బడి సంచి దించగానే పుస్తకం. గడియారం చూసి పెట్టుకున్న టైం రోజూ జారుతుంది, ఇలా కట్టుకున్నది అంత తేలిగ్గా జారదు.

చివరికి సేవ సంగతి, అసలు మీకు బరువైంది ఇదే అనిపిస్తోంది నాకు. పిల్లలకి చదవడం నేర్పే రెండు సాయంత్రాలు ఉంచుకోండి. అక్కడ మీ కోసం ఎదురుచూసే పిల్లలున్నారు, వాళ్లకి వారం వారం అదే మనిషి రావడమే ముఖ్యం, గొప్పగా నేర్పే మనిషి అప్పుడప్పుడూ రావడంకన్నా మామూలుగా నేర్పే మనిషి తప్పకుండా రావడం మేలు. రెండు సాయంత్రాలు కూడా భారమనిపిస్తే బడి టర్మ్ ముగిసేదాకా ఆగి, పిల్లలకి మీరే చెప్పి, అప్పుడు ఒకటికి తగ్గించుకోండి. మధ్యలో మాయమైపోకండి. పాపని తీసుకెళ్లొచ్చా అంటే, సంస్థని ముందు అడగాలి, పిల్లలతో పనిచేసే చోట ఎవరు రావొచ్చన్నదానికి నియమాలుంటాయి, ఉండాలి కూడా. ఒప్పుకున్నా ప్రతిసారీ తీసుకెళ్లకండి, అక్కడి పిల్లలకి మీ పూర్తి ధ్యాస కావాలి.

కమిటీ మాత్రం వదిలెయ్యండి. దానికి ఫలానా గంట అని లేదు, రోజంతా ఫోన్‌లో కారుతూనే ఉంటుంది, మీ రాతని తింటున్నది అదే, రాత్రి పాప దగ్గర మీ ఓపికని తింటున్నదీ అదే. ఆ పని మీరు కాకపోయినా ఇంకొకరు చేయగలరు, మీరు చదువు చెప్పే పిల్లల దగ్గర మీ చోటు అంత సులువుగా ఇంకొకరితో నిండదు. చెప్పేటప్పుడు పెద్ద సంజాయిషీలు వద్దు, సంజాయిషీ ఎంత పొడుగ్గా ఉంటే దాన్ని తీర్చడానికి అన్ని ఉపాయాలు చెప్తారు. "ఫలానా తేదీ నుంచి కమిటీలో ఉండలేనండి. మంగళ, శుక్ర సాయంత్రాల క్లాసులు మామూలుగానే తీసుకుంటాను. నా దగ్గరున్న లెక్కలు, ఫోన్ నంబర్లు, సగంలో ఉన్న పనుల జాబితా ఆ తేదీలోపు మీకు ఇచ్చేస్తాను" అని రాసి పంపండి, రోజులు మాత్రం మీవి పెట్టుకోండి. తేదీ ఒక నెల దూరంలో ఉంటే వాళ్లకీ ఇబ్బంది ఉండదు. "ఇంకొకరు దొరికేదాకా ఉండండి" అంటారు, దాదాపు ప్రతి చోటా అంటారు. ఒప్పుకోకండి, మీరు ఉన్నంతకాలం ఇంకొకరిని వెతకరు. అదే తేదీ మర్యాదగా మళ్లీ చెప్పండి, ఆ రోజు రాగానే ఆ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చెయ్యండి.